రోజుకు పది ప్రశ్నలు

మా ఆవిడ అరుంధతి బి.ఎడ్. ఎంట్రెన్స్ రాస్తానని చెప్పిన రోజు నేను పప్పన్నం కలుపుకుంటున్నాను. మొదటి ముద్ద నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఎంట్రెన్సా? ఎవలకు?" అన్నాను.

"నాకే. ఈ ఇంట్ల డిగ్రీ అయినోళ్ళు ఇంకెవలున్నరు?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నేను పన్నెండో తరగతితో చదువు చాలించి సిరొంచ కలప డిపోలో గుమాస్తాగా చేరినవాణ్ణి. టేకు దుంగల మీద నంబర్లు వేయించడం నా పని. అందుకని ఊళ్ళో నన్ను నంబర్ రాయమల్లు అంటారు. అరుంధతి అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెబుతూ, కిచిడీ వండిస్తూ, పోలియో చుక్కల రోజున ఊరంతా తిరుగుతూ, మధ్యమధ్యలో దూరవిద్యలో బి.ఏ. పూర్తి చేసింది. ఆమె తాత ఎవరి చేలోనో కూలికి పోయి బతికినవాడు. వాళ్ళింట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటి ఆడమనిషి అరుంధతే. మా పెళ్ళి ఫొటో ఉన్న మేకుకు ఆ పట్టా తగిలించింది. ఫొటో ఇప్పుడు బీరువా మీద ఉంటోంది.

"కాలేజ్ చామోర్షిల ఉన్నది. రెండేండ్లు," అంది.

చామోర్షి అంటే మాకు బస్సులో ఒక పూట. నా బుర్రలో లెక్క దానంతటదే మొదలైంది. రెండేళ్ళంటే ఏడువందల ముప్పై రోజులు. రోజుకు రెండు పూటలు. మొత్తం పద్నాలుగు వందల అరవై భోజనాలు. నాకు చేతనయింది చాయ్ ఒక్కటే, అది కూడా ప్రతిసారీ పొంగి పొయ్యి ఆర్పేస్తుంది.

వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. పదహారేళ్ళ కాపురంలో నేను వద్దన్నవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. కుట్టుమిషను, స్కూటీ, ఒక మేక.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి శీతల్ మాత్రం ఎగిరి గంతేసింది. "అమ్మ టీచరైతే నేను టీచర్ బిడ్డనైత," అంది.

"ఇప్పుడు ఎవల బిడ్డవు?" అన్నాను.

"నంబర్ బిడ్డ అంటరు బాపూ," అంది. అక్కడితో ఆ సంగతి ఆగిపోయింది.

*

పరీక్షకు సలహా ఇచ్చింది జిల్లా పరిషత్ బడిలో పాఠాలు చెప్పే కృష్ణకాంత్ సారు. మనిషి మంచివాడే కానీ ఏది చెప్పినా నాలుగు ఆప్షన్లలో చెబుతాడు. చాయ్ తాగుదామా సార్ అని అడిగితే, "ఏ, ఇప్పుడు. బీ, తర్వాత. సీ, మీ ఇంట్లో. డీ, పైవన్నీ," అంటాడు. డీ వదిలి ఇంకొకటి ఎంచుకున్న రోజు లేదు. ఊళ్ళో ఆయన పేరు ఏబీసీడీ సారు.

"వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు. లావు పుస్తకం ముందేసుకుని కూర్చుంటే లాభం లేదు. రోజుకు పది ప్రశ్నలు పెట్టుకో తాయీ. గడియారం చూసి పదిహేను నిమిషాలు. అయినంక తప్పొప్పులు చూసుకో," అని ఆయన అరుంధతికి చెప్పాడు.

పదిహేను నిమిషాలంటే మా ఇంట్లో సరిగ్గా అన్నం ఉడికే సమయం. అరుంధతికి అంతకుమించి ఖాళీ దొరకదు కూడా. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఫోనులో పది ప్రశ్నల పరీక్ష తెరిచేది. కానీ మా ఊరి పక్క నదికి అవతల తెలంగాణ టవరు, ఇవతల మహారాష్ట్ర టవరు. మా వంటింట్లోకి వచ్చేసరికి ఆ రెండూ పోట్లాడుకుని ఏదీ పనిచేయదు. మూడో ప్రశ్న దగ్గర తెర మీద చక్రం గిరగిరా తిరుగుతూ ఉండిపోయేది. అన్నం ఉడికేది, నాలుగో ప్రశ్న వచ్చేది కాదు.

అక్కడే నాకు ఉపాయం తట్టింది.

"నువ్వు ఫోన్‌తోని పరేషాన్ గాకు. రోజూ పది ప్రశ్నలు నేనే కాయితం మీద రాసి తెస్త. కీ సుత నేనే చూసి మార్కులేస్త," అన్నాను.

అరుంధతి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా?"

"ఎందుకు, నాకు రాత రాదా? ఇంత మాత్రం చేయకపోతే మొగుణ్ణెందుకు?"

"గది నేను సుత అప్పుడప్పుడు అనుకుంట," అని గరిటె తీసుకుని లోపలికి వెళ్ళింది.

నా ఉపాయం చాలా సులువైనది. మా డిపో పెద్ద సాహెబు ఒకప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల పరీక్షలకు చదివి, పాసవక, ఆ పుస్తకాలు డిపోలో అటక మీద పడేశాడు. వాటిల్లో చివరి పేజీల్లోంచి, సాహెబుకే రాని ప్రశ్నలు ఏరి తెస్తాను. అరుంధతికి పదికి ఒకటో రెండో వస్తాయి. నాలుగు రోజులు చూసి తనే మానేస్తుంది. వద్దన్న పేరు నాకు రాదు, పద్నాలుగు వందల అరవై భోజనాలూ దక్కుతాయి.

మొదటిరోజు ప్రశ్న నీళ్ళ ట్యాంకుది. రెండు పైపులు నింపుతాయి, మూడోది ఖాళీ చేస్తుంది, ఎన్ని గంటల్లో నిండుతుంది అని.

"ముందుగాల ఆ కారే పైపు బాగుచేయించుకోరాదా?" అంది అరుంధతి.

"అది ఆప్షన్లల్ల లేదు."

తర్వాతది చుట్టరికాల ప్రశ్న. ఒకామె ఫొటో చూపించి, 'ఈయన మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు' అంటుంది. ఆయన ఆమెకు ఏమవుతాడు? దీనికి అరుంధతి పెన్ను పక్కన పెట్టి ఆలోచించింది. సంగతేమిటంటే వాళ్ళక్క రాజుబాయిని మేనమామకే ఇచ్చి చేశారు.

"నాకైతే మామ అయితడు, బావ సుత అయితడు. మా అక్కకైతే మొగుడు. ఏ, సీ, డీ మూడు కరెక్టే."

"ఒక్కటే పెట్టాలె."

"ఒక్కటి పెడితే మా అక్క ఊకుంటదా?"

పదికి రెండు వచ్చాయి. నేను మొహం వేలాడేసి, లోపల మాత్రం హాయిగా, "పాపం, బగ్గ కష్టమున్నది గదా," అన్నాను.

"ఉన్నది. కూసో. తప్పైన ఎనిమిది ఎట్ల చెయ్యాలెనో చెప్పు," అంది.

ఇది నేను అనుకోలేదు. ప్రశ్నలు రాసినవాడికి వాటి జవాబు ఎలా వచ్చిందో తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం. "రేపు చెప్త, ఇయ్యాల తలకాయ నొస్తుంది," అన్నాను. మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని ఏబీసీడీ సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చెప్పింది కాగితం మీద రాసుకుని, దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చి సాయంత్రం ఆమెకు ఒప్పజెప్పాను. మూడో రోజూ అదే, నాలుగో రోజూ అదే. నెల తిరిగేసరికి పైపుల లెక్కలు, రైళ్ళ లెక్కలు, గడియారం ముళ్ళ లెక్కలు నాకు కంఠతా వచ్చాయి. డిపోలో ఒకరోజు సాహెబు ఏదో వాటాల లెక్క దగ్గర తడబడితే నోటితోనే చెప్పేశాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు.

నాకు వచ్చినవన్నీ అరుంధతికీ వచ్చాయి. ఫిబ్రవరి చివరికి పదికి ఎనిమిది తెచ్చుకుంటోంది. అన్నం ఉడకడానికి ముందే కాగితం నా చేతిలో పెట్టేది.

పరీక్ష మార్చి ఆఖర్లో. ఇక ఒక్క దారే మిగిలింది.

*

ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. నేను కీ మార్చడం మొదలుపెట్టాను.

మొదటిరోజు ఒక్క ప్రశ్నకే. నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి అన్నదానికి వంద అని ఆమె పెట్టింది. నేను తొంభై అని ఎర్రసిరాతో కొట్టేశాను. ఆమె ఆ కాగితం మడిచి దాచుకుంది. మర్నాడు రెండు. ఆ తర్వాత వీలు దొరికిన రోజు రెండో, మూడో. ఎనిమిదొచ్చే మనిషికి ఆరు, అయిదు రావడం మొదలైంది.

ఒకనాటి సాయంత్రం, ఏబీసీడీ సారు ఇచ్చిన పుస్తకంలో టీచరుగా ఎలా ప్రవర్తించాలి అనే భాగంలోంచి ఒక ప్రశ్న పెట్టాను. ఒక పిల్లవాడు రోజూ బడికి ఆలస్యంగా వస్తున్నాడు. మీరేం చేస్తారు? బయట నిలబెడతారా, ఇంటికి చీటీ రాస్తారా, ఎందుకు ఆలస్యమవుతోందో అడుగుతారా, పట్టించుకోకుండా ఉంటారా? ఆమె మూడోది పెట్టింది. నేను అది కొట్టేసి, బయట నిలబెట్టడమే సరైనదని రాశాను.

అరుంధతి ఆ కాగితం చేతిలోకి తీసుకుని అలాగే చూస్తూ కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడు వాసన వస్తోంది. మామూలుగా అయితే చుక్క నీళ్ళు తగ్గినా ఆ మనిషికి తెలిసిపోతుంది. ఆ రోజు తెలియలేదు. శీతల్ పరుగెత్తి వచ్చి గిన్నె దింపింది.

"నాతోని కాదేమోనయ్యా," అంది అరుంధతి, నా వైపు చూడకుండా.

నేను రెండు నెలలుగా ఎదురుచూస్తున్న మాట అదే. వచ్చింది. నేను సంతోషించాలి. కానీ ఆమె మొహం చూస్తే అది నా వల్ల కాలేదు. "అయితది, ఎందుకు గాదు," అని గొణిగాను. ఆ పూట కూరలో ఉప్పుందో లేదో కూడా నాకు తెలియలేదు. మాడిన అన్నమే తిన్నాను.

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఇక ఎలాగూ మానేస్తుంది కదా, చెప్పి గొడవెందుకు అనుకున్నాను. మర్నాడు సాయంత్రం ఎసరు పెట్టి, పెన్ను పట్టుకుని, "ఏది, ఇయ్యాల్టివి?" అని వచ్చి ఎదురుగా కూర్చుంది. కాగితం ఇచ్చాను. అందులోనూ మూడు తప్పు కీలున్నాయి.

*

పరీక్ష ఇంకా ఆరు రోజులుందనగా తిరుపతమ్మ డిపోకు వచ్చింది. ఆమె మా వీధిలోనే ఉంటుంది, ఆశా కార్యకర్తగా పనిచేస్తుంది.

"అన్నా, నీ పేపర్లు మస్తుంటున్నయే. గట్ల రోజుకు పది చేసుకుంటపోతే భయమే పోయింది," అంది.

"నా పేపర్లు నీకెక్కడియి?"

"వదినె ఇస్తది గదా. నేను సుత ఎంట్రెన్స్ రాస్తున్న. అల్లపల్లిల శోభ రాస్తుంది. ఆ దిక్కే అడవిల ఒక ఊరున్నది, అక్కడి అంగన్‌వాడీ సోనుబాయి రాస్తుంది. అందరికి నీ పేపర్లే. ఫోటువలు తీసి పంపుడు, బస్సుల పంపుడు."

నా చేతిలోంచి దుంగల మీద నంబర్లు కొట్టే సుత్తి జారింది, కాలి మీద పడలేదు కాబట్టి సరిపోయింది. ఆమె వెళ్ళాక కుర్చీలో కూలబడి లెక్క వేశాను. నేను మార్చిన కీలు ఇరవై మూడు. రాసేవాళ్ళు నలుగురు. నా పద్నాలుగు వందల అరవై భోజనాల కోసం, నాకు మొహం కూడా తెలియని ఒక ఆడమనిషి అడవిలో కూర్చుని నీళ్ళు తొంభై డిగ్రీల దగ్గర మరుగుతాయని బట్టీ కొడుతోంది.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే మొదలుపెట్టాను. "ఇగో, కృష్ణకాంత్ సార్ చెప్పిండు. కొన్ని కీలు మారినయట."

"ఎవలు మార్చిండ్రు?"

"బోర్డోళ్ళు."

"నీళ్ళు ఎప్పుడు మరగాలెనో గది సుత బోర్డోళ్ళే చెప్తరా?" అంది అరుంధతి. మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"ఇరవై మూడు మారినయి. రాసి తెచ్చిన. ఒక్కపారి చూడు."

"అక్కడ పెట్టు. మేకకు మేతేసి వచ్చి చూస్త."

మేకకు మేత వేసింది, నీళ్ళు పెట్టింది, దాని మెడ కూడా నిమిరింది. ఆ కాగితం వైపు మాత్రం రాలేదు. నేను చాప మీద కూర్చుని కాగితాన్ని, ఆమెను, మేకను మార్చి మార్చి చూశాను. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

మర్నాడు డిపోలో సెలవు చీటీ పెట్టాను. కారణం అని ఉన్నచోట కడుపునొప్పి అని రాశాను. అది అబద్ధం కూడా కాదు.

ముందు తిరుపతమ్మ ఇంటికి వెళ్ళాను. "చెల్లే, ఆ పేపర్లు జర వాపస్ ఇయ్యి. తప్పులున్నయి, దిద్ది ఇస్త."

"నేనియ్య. పరీక్ష ముందట పేపర్ల మీద చెయ్యేయనియ్యొద్దని వదినె చెప్పింది."

"ఎవలను చెయ్యేయనియ్యొద్దన్నది?"

తిరుపతమ్మ చాయ్ తాగుతావా అని అడిగింది.

అక్కడి నుంచి మోటార్ సైకిల్ మీద అల్లపల్లికి బయలుదేరాను. ఆ రోడ్డు సంగతి వెళ్ళినవాళ్ళకే తెలుసు. గుంతలు తప్పించుకుంటూ, దుమ్ము తింటూ, మధ్యాహ్నానికి శోభ ఇల్లు పట్టుకున్నాను. ఆమె భర్త ఫారెస్టు గార్డు. ఆయన డ్యూటీకి వెళ్ళాడు. నన్ను ఆమె అంతకుముందు చూడలేదు. దుమ్ము కొట్టుకుపోయిన మనిషి గుమ్మంలో నిలబడి, "అమ్మా, మీ దగ్గరున్న కీ తప్పు," అంటే కంగారుపడింది.

"లేదన్నా, మా కీ మంచిగనే తిరుగుతుంది. మొన్ననే కొత్తది చేయించినం."

"ఆ కీ గాదమ్మా. పేపర్ కీ."

"పేపర్లు ట్రంకు పెట్టెల ఉన్నయి. దాని కీ మా ఆయన దగ్గరున్నది."

నేను గోడకు ఆనుకున్నాను. ఆమెకు జాలేసి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. నేను అరుంధతి భర్తనని చెప్పేసరికి చెంబు అందిస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

మిగిలింది సోనుబాయి. రోడ్డు వదిలి టేకు చెట్ల మధ్యలోంచి వెళ్ళాలి. ఎండకు ఆకులన్నీ రాలి నేలంతా గోధుమరంగుగా ఉంది. బండి చక్రం కింద అవి పెటపెటలాడుతుంటే నాకు ఎవరో వెనకాల వస్తున్నట్టే ఉంది. సోనుబాయి వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను చూసి చేతులు దులుపుకుని లేచింది.

"అరుంధతి వహిని ఇంటాయనవా దాదా? కొత్త పేపర్లు తెచ్చినవా?" అని సంతోషంగా అడిగింది. వహిని అంటే వదిన.

"పాతవి తీసుకపోదామని వచ్చిన. వాటిల్ల తప్పులున్నయి."

"ఉన్నయి. వహిని ఎప్పుడో దిద్ది పంపింది," అని ఇంట్లోకి వెళ్ళి కట్ట తెచ్చింది.

తీసి చూశాను. నేను ఎర్రసిరాతో కొట్టేసిన ప్రతి జవాబు పక్కన నీలంసిరాతో సరైన జవాబు ఉంది. అరుంధతి చేతిరాత. మొత్తం ఇరవై మూడూ ఉన్నాయి. ఆలస్యంగా వచ్చే పిల్లవాడి ప్రశ్న ఉన్న కాగితం అడుగున మరాఠీలో రెండు ముక్కలు రాసి ఉన్నాయి. 'కీ అంతా నేనే సరిచూసి పంపుతున్నాను. తప్పు ఎవరు రాశారని ఎవరినీ అడగవద్దు.' కింద తేదీ వేసి ఉంది. మా ఇంట్లో అన్నం మాడిన రోజు అది.

సోనుబాయి నిజంగానే ఏమీ అడగలేదు. "ఎండబడి వచ్చినవు, రొట్టె తిని పో దాదా," అంది. తిన్నాను. తల ఎత్తకుండా తిన్నాను.

*

ఆమెకు తెలుసని నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆమెకు తెలుసో లేదో తెలియదు. ఆ అయిదు రోజులూ మా ఇంట్లో కంచం కింద పెట్టినా చప్పుడు పెద్దగా వినిపించేది. సాయంత్రం కాగానే నేను పది ప్రశ్నలు ఇచ్చేవాణ్ణి. ఒక్క తప్పు కీ లేదు. ఆమె రాసేది. తొమ్మిది వచ్చినా పది వచ్చినా, "ఊ," అనేది.

పరీక్ష కేంద్రం చంద్రపూర్‌లో పడింది. ముందురోజే వెళ్ళి చుట్టాలింట్లో దిగాం. బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. 'అరుంధతీ' అని మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి బస్సు గుంతలో పడింది. రెండోసారి కండక్టరు వచ్చాడు. మూడోసారి ఆమే నా వైపు తిరిగి, "ఏంది?" అని సూటిగా చూసింది.

"నీళ్ళు తాగుతవా అని."

"ఇయ్యి."

గేటు దగ్గర లోపలికి వెళ్ళేముందు ఆమె వేళ్ళు గమనించాను. హాల్ టికెట్ అంచు నలిగిపోయేంతగా పట్టుకుని ఉంది. ఏదైనా ధైర్యం చెప్పాలనుకున్నాను. నేను చెబితే నమ్మడానికి నా దగ్గర ఏం మిగిలింది?

తొంభై నిమిషాలు గేటు బయట ఎండలో నిలబడ్డాను. నీడకు వెళ్ళాలనిపించలేదు. లోపల ఏ ప్రశ్న దగ్గర ఆగిందో, ఒక్క క్షణమైనా నా ఎర్రసిరా గుర్తొచ్చి చెయ్యి తడబడిందో అని ఒకటే గుబులు. పద్నాలుగు వందల అరవై భోజనాలూ నేనే వండుకుంటాను, ఆమెకు మాత్రం రానీ అని, దేవుడి పేరు కూడా చెప్పకుండా దండం పెట్టుకున్నాను.

బయటికి వచ్చింది. "ఎట్ల రాసినవ్?"

"రాసిన," అంది. బస్టాండు వైపు నడక మొదలుపెట్టింది.

*

వానలు పడ్డాక ఒకరోజు మధ్యాహ్నం శీతల్ ఫోను పట్టుకుని డాబా ఎక్కి, రెండు టవర్లలో ఏదో ఒకదాన్ని బతిమాలుకుని, మెట్ల మీంచి అరుచుకుంటూ దిగింది. పరీక్ష ఫలితాలు వచ్చాయి. అరుంధతికి డెబ్బై ఒకటి. సోనుబాయికి డెబ్బై మూడు. తిరుపతమ్మకు అరవై దాటింది. శోభకు మాత్రం తక్కువ వచ్చాయి. వచ్చే ఏడు మళ్ళీ రాస్తానందట.

అరుంధతి గడపలో కూలబడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. శీతల్ ఈ కబురు వీధంతా చెప్పడానికి పరుగెత్తింది. ఇంట్లో ఇద్దరమే మిగిలాం. నేను వెళ్ళి ఆమెకు కాస్త దూరంగా కూర్చున్నాను.

"ఇరవై మూడు నేనే మార్చిన," అన్నాను.

"తెలుసు."

"నువ్వు పోతవని మార్చిన."

"గది సుత తెలుసు. ముందుగాల సాహెబు పుస్తకంలకెల్లి ప్రశ్నలు తెచ్చినప్పుడే తెలుసు. అప్పుడు నవ్వొచ్చింది. కష్టమైనవి చేస్తే నాకే మంచిదనుకున్న."

"మరి అన్నం మాడిననాడు, నాతోని కాదన్నవు. అది ఉత్తుత్తిదేనా?"

"కాదు," అంది. కొంగు తీసి నా వైపు చూసింది. "గానాడు నిజంగనే బాధైంది. ఆలస్యమైన పిలగాణ్ణి బయట నిలబెట్టుడు తప్పని చిన్నపిల్లకు సుత తెల్సు. నీకు తెల్వదా? తెలిసి రాసినవు. పరీక్ష నాతోని కాదనలేదు నేను. నీతోని ఏగుడు నాతోని కాదన్న."

నేను నేల చూశాను. చీమలు వరుసగా పోతున్నాయి.

"మరి తెల్లారి మళ్ళ పేపర్ ఎందుకు అడిగినవు?"

"ఒక్కొక్కటి నువ్వు తప్పు రాసినవో ఒప్పు రాసినవో పట్టాల్నంటే నాలుగు ఆప్షన్లు చదువుకోవాలె. నాలుగు చదివితే నాలుగు ప్రశ్నలు వచ్చినట్టు. నీ తప్పు కీతోని నాకు మంచి కోచింగైంది. ఇగ ఇంకో సంగతి. పదహారేండ్లల్ల నువ్వు నా ముందట రోజూ పదిహేను నిమిషాలు కూసున్నది గప్పుడే."

నేను చీమల వరుసకు అడ్డంగా ఉన్న పుల్లను పక్కకు తీశాను.

"ఆరు వందల ప్రశ్నలు అడిగినవు నన్ను. రైళ్ళు అడిగినవు, పైపులు అడిగినవు, మా అక్క మొగుణ్ణి సుత వదల్లే. నువ్వు పోతే ఇల్లెట్ల అని ఒక్కనాడన్న అడిగినవా? అడిగితే చెప్పకపోదునా?"

అప్పుడు అడిగాను. సిగ్గు విడిచి ఒక్కొక్కటే అడిగాను. చామోర్షిలో ఎక్కడుంటావు? సోనుబాయి, తను కలిసి ఒక గది చూసుకున్నారట. శీతల్? తొమ్మిదో తరగతి అక్కడి బడిలోనే. అంగన్‌వాడీ ఉద్యోగం? సెలవు సంగతి జనవరిలోనే కనుక్కుందట. మేక? తిరుపతమ్మ ఇంట్లోవాళ్ళు చూసుకుంటారట. నేను?

"అల్లపల్లి డిపోకు బదిలీ అడుగు. అక్కడికెల్లి చామోర్షి దగ్గర. శనివారం రావచ్చు. శోభోళ్ళ వీధిల మెస్సున్నది, భోజనం మంచిగుంటదట. ఇదంతా నేను మొదటిరోజే చెప్దామనుకున్న. నువ్వు ముద్ద నోట్ల పెట్టుకోకుంట లెక్కలేసుకుంట కూసున్నవు."

పద్నాలుగు వందల అరవై భోజనాల్లో ఒక్కటీ నేను వండనక్కర్లేదని, ఆ సంగతి జనవరిలోనే తేలిపోయి ఉందని నాకు జూన్‌లో తెలిసింది.

"నా మీద కోపమున్నదా?" అని అడిగాను.

"ఉన్నది."

"ఎన్నొద్దులుంటది?"

అరుంధతి లేచి చీర దులుపుకుంది. "కోర్స్ రెండేండ్లు గదా. అయిపోయేదాక ఉంటది," అని ఎసరు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

నేను అల్లపల్లి డిపోలో చేరి నాలుగు నెలలయింది. శనివారం శనివారం చామోర్షి బస్సెక్కుతున్నాను. ఇంకా ఇరవై నెలలుంది.